మూయుట మరమ్మతు కాదు

హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు రహదారిమీద, బొంగులూరు దాటి ఇబ్రహీంపట్నము చేరువరకును, ఆపైన యాచారము దిశగా సాగినంతమేరయు, దారికి ఇరుప్రక్కల రేకుల షెడ్లలో బండ్లు బాగుచేయు మెకానిక్కులు కష్టజీవులు. వారిలో చాలమంది చిన్ననాట ఉస్తాదు చెంత పానాలు అందించుచు పని నేర్చినవారు. బానెట్టు ఎత్తకమునుపే ఇంజను ధ్వనినిబట్టి రోగము చెప్పగలవారు. వారియందు నాకు గౌరవము మెండు. ఆ గౌరవము వలననే, వారిలో కొందరును, వారిని ప్రోత్సహించు కారు యజమానులలో పలువురును నిర్దోషమని తలచి చేయుచున్న ఒక అకార్యమును గూర్చి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. డీజిలు కారు నల్లని పొగ క్రక్కుచున్నదనియో, గట్టు ఎక్కునప్పుడు పికప్ అందుట లేదనియో, మీటర్ల పలకమీద పసుపుపచ్చని ఇంజను దీపము ఆరుట లేదనియో షెడ్డుకు వచ్చినప్పుడు, దోషము ఈజీఆర్ వాల్వులో ఉన్నదని తేలినచో, ఆ వాల్వును విప్పి శుభ్రపరచుటకు మారుగా, దాని నోటికి అడ్డముగా చిన్న ఇనుప రేకు నొకదానిని బిగించి, పొగ త్రోవను శాశ్వతముగా మూసివేసి, ఇక మీకు ఈ బాధ ఉండదని చెప్పి తాళము చేతికిచ్చుట ఒక ఆచారమైపోయినది. ఈ ఆచారము ఒక్క ఇబ్రహీంపట్నములోనే పుట్టినది కాదు, దేశమంతట ఉన్నది. ఇది మరమ్మతు కాదనియు, ఇరుగుపొరుగు ఊపిరికి చేయు అపకారమనియు, ఐతే ఈ అపకారమునకు మెకానిక్కు కంటెను యజమాని కంటెను మన ప్రభుత్వము జరుపు కాలుష్య పరీక్షయే ఎక్కువ బాధ్యత వహింపవలెననియు నా నిశ్చితాభిప్రాయము.

మొదట ఆ వాల్వు చేయు పని ఏమో చూతము. మనము పీల్చు గాలిలో నూటికి సుమారు 78 పాళ్ళు నత్రజని, 21 పాళ్ళు ప్రాణవాయువు. సాధారణ ఉష్ణోగ్రతలో ఈ రెండును ఒకదానిజోలికి ఒకటి పోవు. కాని సిలిండరులో ఇంధనము మండునప్పుడు జ్వాల 1500 సెంటిగ్రేడు డిగ్రీలను మించిపోయినయెడల ఆ ఉదాసీనత భగ్నమై, రెండును సంయోగము చెంది నత్రజని ఆక్సైడులుగా మారును. ఈ సంయోగ క్రమమును 1940లలో యాకొవ్ జెల్దోవిచ్ అను సోవియట్ భౌతికశాస్త్రవేత్త వివరించెను. జ్వాల తాపము పెరిగినకొలది ఈ వాయువుల ఉత్పత్తి అంతకు ఎన్నో రెట్లు పెరుగుననుట ఆ వివరణ సారము. 1950ల ఆరంభమున ఆరీ హాగెన్‌స్మిట్ అను రసాయనశాస్త్రజ్ఞుడు, లాస్ ఏంజిలిస్ నగరముపై కమ్ముకొని జనుల కన్నులను మండించుచుండిన పొగమంచునకు మూలము, కార్ల నుండి వెలువడు నత్రజని ఆక్సైడులును హైడ్రోకార్బనులును సూర్యరశ్మిలో చర్య పొంది ఓజోనును పుట్టించుటయే అని చూపెను. సూర్యరశ్మికి కొరత లేని రంగారెడ్డి జిల్లాలో, ఫాల్గుణము మొదలు జ్యేష్ఠాంతము వరకు కాయు ఎండలో, ఆ చర్యకు కావలసిన సదుపాయములన్నియు సమకూడి ఉన్నవి. నత్రజని డయాక్సైడు ఊపిరితిత్తుల లోపలి పొరను రేపి, ఉబ్బసము గలవారిని, పసిబిడ్డలను, వృద్ధులను పీడించును. మన జాతీయ ప్రమాణము ప్రకారము నివాసప్రాంతములలో ఇది ఘనపు మీటరు గాలికి వార్షిక సగటున 40 మైక్రోగ్రాములు దాటరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన హద్దును 40 నుండి 10కి దించినది.

జ్వాల తాపమును తగ్గించుటకు కనిపెట్టిన ఉపాయము 1970ల ఆరంభమున అమెరికా కార్లలో ప్రవేశించినది. ఒకసారి మండి బయటికి పోవు వాయువులో ప్రాణవాయువు తక్కువ. బొగ్గుపులుసు వాయువును నీటియావిరియు ఎక్కువ. అవి మరల మండవు; వేడిని మాత్రము పీల్చుకొనును. కావున ఆ వాయువులో కొంత భాగమును, పెట్రోలు ఇంజనులో సుమారు 5 నుండి 15 శాతమును, డీజిలు ఇంజనులో భారము తక్కువగా ఉన్న వేళ సగము వరకును, తాజా గాలితో కలిపి మరల సిలిండరులోనికి పంపినచో, మంట చల్లబడి, విషవాయువు పుట్టుకలోనే అణగిపోవును. ఏ క్షణమున ఎంత పంపవలెనో కంప్యూటరు నిర్ణయింపగా, ఆ ఆజ్ఞ ననుసరించి తెరచుకొనుచు మూసికొనుచు ఉండునదే ఈజీఆర్ వాల్వు.

ఐతే డీజిలు వాయువులో మసి ఉండును. ఇంజను అడుగు నుండి వచ్చు నూనెయావిరి గాలిగొట్టములో కలియును. రెండును కూడి జిగటయై, వేడికి గట్టిపడి, వాల్వు పీఠమునందును, కడ్డీచుట్టును, లోపలి గొట్టముల గోడలయందును పొరలు పొరలుగా పేరుకొనును. పిల్లలను బడికి దింపి తిరిగివచ్చుటకును, అంగడికి పోయివచ్చుటకును మాత్రమే వాడబడుచు ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆపివేయబడు కార్లలోను, ఎల్బీనగరు దిశగా ఉదయ సాయంకాలములందు బారులుదీరి నత్తనడక నడచు కార్లలోను ఇది మరింత త్వరగా జరుగును. ఇబ్రహీంపట్నము పెద్దచెరువు 16వ శతాబ్దమున ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఏలుబడిలో వెలసినదని ఇచ్చటివారందరును ఎరుగుదురు. చెరువు తూము పూడినప్పుడు మన పెద్దలు పూడిక తీయించిరి గాని తూమునకు గోడ కట్టించలేదు.

రేకు బిగించిన తరువాత బండి చురుకుగా లాగుననియు, మైలేజి కొంత పెరుగుననియు, గాలిగొట్టమునకు మసి పట్టదనియు చెప్పువారి మాటలో సత్యము లేకపోలేదు. అది లేదనుట వాదములో నిజాయితీ కాదు. తెరచుకొని ఇరుక్కొనిపోయిన వాల్వు గల కారులో, తాజాగాలికి చోటు తగ్గి, ఇంధనము సగము కాలి సగము కాలక నల్లని పొగయై వచ్చును. త్రోవ మూయగానే ఆ పొగ పోవును. యజమానికి ఆ క్షణముననే లాభము కనబడును. నష్టము మాత్రము కంటికి కనబడదు. ఏలయన పొగగొట్టము చివర నత్రజని ఆక్సైడులకు పొగవలె నలుపు లేదు, మసి లేదు. లాభము బండిలో కూర్చున్నవానిది. నష్టము షేరిగూడ గేటువద్ద బస్సుకొరకు నిలిచిన విద్యార్థినిది, రోడ్డుప్రక్క బండిమీద మొక్కజొన్నకండెలు కాల్చు తల్లిది, వారి బిడ్డలది. పైగా మన మార్కెట్టులో ఇట్టి కార్లు కోకొల్లలు. 1248 సీసీ డీజిలు ఇంజను ఒక్కటియే మారుతి, టాటా, ఫియట్ సంస్థల పలు కార్లలో వచ్చినది. 2020 ఏప్రిలు నాటికి మారుతి సంస్థ డీజిలు కార్లను విరమించినను, అంతకుముందు అమ్ముడైనవి చేతులు మారుచు నగరముల నుండి మండలకేంద్రములకు తరలివచ్చి, వయసు మీరిన వాల్వులతో మన రోడ్లమీద తిరుగుచున్నవి.

ఇక ప్రభుత్వ పరీక్ష మాట. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళిలోని 115వ నియమము ప్రకారము ప్రతి బండికిని పొల్యూషన్ సర్టిఫికెట్టు ఉండవలెను. పెట్రోలు బండి అయినచో ఇంజను ఊరక తిరుగుచుండగా కార్బన్ మోనాక్సైడును, హైడ్రోకార్బనులను కొలుతురు. డీజిలు బండి అయినచో గేరు వేయకయే యాక్సిలరేటరును అడుగంట తొక్కి, వచ్చిన పొగ సాంద్రతను కొలుతురు. బీఎస్4 అను ఉద్గార ప్రమాణమునకు పూర్వపు బండ్లకు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లును, బీఎస్4 బండ్లకు 50 యూనిట్లును హద్దు. నత్రజని ఆక్సైడులకు ఆ కాగితమునందు గడియే లేదు. దీని పర్యవసానము చదువరి గ్రహించునుగాక! ఆరోగ్యముగా పనిచేయు వాల్వు గల కారును, రేకు బిగించి వాల్వు ప్రాణము తీసిన కారును ఈ పరీక్ష వేరుచేయజాలదు. రెండింటికిని ఒకే ముద్ర పడును. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ సర్టిఫికెట్టు లేనిదే బీమాను పునరుద్ధరింపరాదని ఆదేశించిన తరువాత, 2024లో ఆ షరతు తొలగువరకు, ఆ కాగితమునకు బరువు పెరిగియుండెను. పరీక్షకు మాత్రము చూపు పెరుగలేదు.

మరియొకవైపు, అదే ప్రభుత్వము కార్ఖానా ద్వారమువద్ద ఎంత నిష్ఠగా వ్యవహరించుచున్నదో చూడుడు. 2017 ఏప్రిలు నుండి దేశమంతట అమలైన బీఎస్4 ప్రకారము డీజిలు కారు కిలోమీటరుకు 0.25 గ్రాముకు మించి నత్రజని ఆక్సైడులను విడువరాదు. మధ్యనున్న మెట్టును దాటవేసి 2020 ఏప్రిలు 1 నుండి తెచ్చిన బీఎస్6 ప్రకారము ఆ హద్దు 0.08 గ్రాము. దీనికొరకు చమురు కంపెనీలు డీజిలులోని గంధకమును పదిలక్షల పాళ్ళకు 50 నుండి 10 పాళ్ళకు తగ్గించినవి. కార్ల కంపెనీలు ఇంజనులను మార్చుకొన్నవి. కొనుగోలుదారు ఆ వ్యయమును భరించినాడు. ఇంత శ్రమతో గ్రామునందు శతాంశములను లెక్కించి కారును రోడ్డెక్కించిన వ్యవస్థ, అది యజమాని చేతికి వచ్చిన పిమ్మట సర్టిఫికెట్టు కొరకు ఎన్నిసార్లు పరీక్షకు నిలిచినను, ఆ వాయువును ఒక్కసారియైనను కొలువదు.

2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ సంస్థ గుట్టును అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టినప్పుడు ప్రపంచము నివ్వెరపోయినది. పరీక్ష జరుగుచున్నదని కంప్యూటరు గుర్తించినప్పుడు మాత్రమే కాలుష్య నియంత్రణ పూర్తిగా పనిచేయునట్లును, రోడ్డుమీద సడలిపోవునట్లును సాఫ్ట్‌వేరును అమర్చిన కార్లు ప్రపంచమంతట సుమారు కోటి పదిలక్షలు. మన దేశములో ఆ సంస్థ మూడు లక్షల ఇరువదిమూడు వేలకు పైగా కార్లను సరిదిద్దుటకు వెనుకకు పిలువవలసి వచ్చినది. 2019 మార్చిలో జాతీయ హరిత న్యాయస్థానము 500 కోట్ల రూపాయల జరిమానా విధించినది. ఆ తరువాత సుప్రీంకోర్టు సంస్థపై బలవంతపు చర్యలను నిలిపివేసినది. ఆ వార్త చదివి విదేశీ సంస్థను నిందించిన మనము, అది సాఫ్ట్‌వేరుతో చేసిన పనినే రేకుముక్కతో చేయించుకొని సంతోషించుట ధర్మమా?

మూయవద్దన్నచో ఏమి చేయవలెనో చెప్పుటయు నా బాధ్యతయే. వాల్వు నిజముగా చెడినదో లేదో తేల్చుట ఈ పనిలో మొదటి విద్య. అచ్చటనే పొరపాట్లు మెండు. స్టీరింగు క్రిందనున్న సాకెట్టులో స్కానరును గ్రుచ్చగానే తెరమీద పి0401 అను సంకేతము కనబడును; వాల్వు పోయినది, కొత్తది వేయవలెనని తీర్పు వెలువడును. కాని ఆ సంకేతము చెప్పినది వాల్వు చెడినదని కాదు. కంప్యూటరు ఆశించినంత వాయువు లోనికి తిరిగివచ్చుట లేదని మాత్రమే. ఆ కొరతకు కారణము వాల్వు ఇరుక్కొనుట కావచ్చును. వాల్వు నిక్షేపముగా ఉండి దాని ముందరి గొట్టమో వెనుకటి గొట్టమో మసితో పూడుట కావచ్చును. వాక్యూముతో పనిచేయు పాతతరపు వాల్వు అయినచో, ఇంజను వేడికి ఎండి పగిలిన సన్నని రబ్బరు గొట్టము కావచ్చును. లేక లోనికి పోవు గాలిని కొలుచు సెన్సరు దుమ్ము పట్టి తప్పు లెక్క చెప్పుచుండవచ్చును. పి0402 అయినచో వాయువు మితిమీరి పోవుచున్నదని అర్థము. పి0403 వైరింగులోని లోపమును సూచించును. పి0404 అయినచో కంప్యూటరు కోరిన స్థానమునకును వాల్వు ఉన్న స్థానమునకును పొత్తు కుదురుట లేదని తెలియవలెను. అన్నిటికిని ఒకే మందుగా కొత్త వాల్వును వ్రాసి, వేలకు వేలు పుచ్చుకొని, నెల తిరుగకముందే అదే దీపము మరల వెలిగినప్పుడు తెల్లబోవు మెకానిక్కులను, వారికంటె ఎక్కువగా తెల్లబోవు యజమానులను మనము చూచుచునే ఉన్నాము.

కావున స్కానరు తీయుటకు ముందే బండి నడుపువానిని ప్రశ్నింపవలెను. సిగ్నలువద్ద నిలిచినప్పుడు ఇంజను వణకి ఆగిపోవుచున్నదా, యాక్సిలరేటరు తొక్కగానే నల్లని పొగ వచ్చుచున్నదా? ఐతే వాల్వు తెరచుకొని ఇరుక్కొని ఉండుటకు అవకాశము ఎక్కువ. పెట్రోలు కారు భారముమీద లాగునప్పుడు ఇంజను టకటక కొట్టుకొనుచున్నదా? ఐతే మూసికొని ఇరుక్కొని ఉండవచ్చును. డీజిలులో మూసికొనిపోయినచో దీపము వెలుగుట తప్ప నడుపువానికి మరియే గుర్తును తెలియకపోవచ్చును. తరువాత స్కానరుతోనే వాల్వును తెరువుమనియు మూయుమనియు ఆజ్ఞాపించి, అది నిజముగా ఎంత కదలినదో తెరమీద చూడవలెను. ఇంజను ఊరక తిరుగుచుండగా వాల్వును తెరిపించినచో, లోనికి పోవు తాజాగాలి లెక్క తగ్గవలెను, ఇంజను స్వరము మారవలెను. వాల్వు కదలినను ఆ మార్పు రాకపోయినయెడల దోషము గొట్టములలో ఉన్నది. ఆజ్ఞ వెలువడినను వాల్వు కదలనియెడల దోషము వాల్వులోనో వైరింగులోనో ఉన్నది. వాక్యూము వాల్వు అయినచో చేతిపంపు నొకదానిని తగిలించి లాగిచూచినంతనే, పొర చిరిగినదో లేదో తేలిపోవును.

వైరింగును శంకింపక వాల్వును విప్పుట తొందరపాటు. నిలిపియుంచిన కార్ల బానెట్టు క్రింద ఎలుకలు చేరి వైర్లు కొరుకుట మన ఊళ్ళలో నిత్యానుభవము. సాకెట్టు ఊడదీసి, పిన్నులకు ఆకుపచ్చని చిలుము పట్టినదేమో చూచి, మల్టీమీటరుతో 5 వోల్టుల సరఫరా వచ్చుచున్నదో లేదో, ఎర్తు సరిగా ఉన్నదో లేదో పరీక్షించినచో, అవసరము లేని విప్పుడు ఎన్నోసార్లు తప్పును. ఈ చిన్నపనికి పట్టు కాలము కొద్ది. దానివలన మిగులు ధనము అధికము.

వాల్వు మసిపట్టి ఇరుక్కొన్నదని నిశ్చయమైనప్పుడు, ఇంజను చల్లారనిచ్చి, బ్యాటరీ నెగిటివు తీగ తీసి, వేడికి బిగిసిపోయిన బోల్టులకు చమురు పట్టించి ఓపికతో విప్పవలెను. బలము చూపినచో బోల్టు తల తెగి పని పదింతలగును. కొన్ని కార్లలో వాల్వు గుండ కూలెంటు పారును. దానిని ముందే తీయవలెను. విప్పినపిమ్మట తెరచియున్న గాలిగొట్టపు నోటిని శుభ్రమైన గుడ్డతో మూయుట మరువరాదు. ఒక గట్టి మసిపెళ్ళ సిలిండరులో పడినచో కలుగు నష్టము వాల్వు వెలకు ఎన్నోరెట్లు ఉండును. కార్బు క్లీనరును చిమ్మి, కొంతసేపు నాననిచ్చి, మెత్తని బ్రష్షుతో మసిని తొలగింపవలెను గాని, స్క్రూడ్రైవరుతో కడ్డీని పొడిచి కదలించుటయు, విద్యుత్తుతో నడచు వాల్వును మోటారుతో సహా డబ్బాలో ముంచుటయు తగదు. ఆ మసి ఊపిరితిత్తులకు మంచిది కాదు. షెడ్డు బయట, గాలి వీచు చోట, ముఖమునకు గుడ్డ కట్టుకొని చేయవలసిన పని ఇది. పీఠము మెరయువరకు తుడిచి, కొత్త గ్యాస్కెట్టు వేసి బిగించి, సంకేతమును చెరిపి, కంప్యూటరుకు వాల్వు మూసికొను స్థానమును స్కానరుతో మరల నేర్పింపవలెను. ఈ చివరి మెట్టు తప్పినందున, చక్కగా శుభ్రపడిన వాల్వులు కూడ చెడినవిగా పరిగణింపబడి చెత్తలోనికి పోవుట కలదు.

అంతటితో పని ముగిసినదనుకొనరాదు. మసి ఎందుకు అంతగా పట్టినది? ఇంజెక్టరు కారుచున్నదా, టర్బో గొట్టము చీలినదా, ఎయిర్ ఫిల్టరు పూడినదా, థర్మోస్టాటు తెరచుకొని ఇరుక్కొని ఇంజను ఎన్నడును వేడెక్కుట లేదా? ఈ ప్రశ్న అడుగు మెకానిక్కు నిజమైన వైద్యుడు. అడుగనివాడు శుభ్రపరచిన వాల్వు త్వరలోనే మరల మసిబారును, యజమాని విసిగి, రేకు బిగింపుమని తానే అడుగును.

వాల్వు ప్రక్కనే, వెనుదిరిగిన వాయువును చల్లార్చు కూలరు ఉండును. దీనిని మనవారు తరచుగా మరతురు. 2018లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిలు కార్లు పదులకొలది రోడ్లమీద మండిపోయినప్పుడు జరిగిన విచారణలో, ఈ కూలరు నుండి కారిన కూలెంటు మసితో కలిసి పేరుకొని, వేడి వాయువు తగిలి రాజుకొనుటయే కారణమని తేలినది. ఆ దేశమున లక్షకు పైగా కార్లను వెనుకకు పిలిచిరి. బయట ఎచ్చటను కారుట కనబడకయే రేడియేటరులో కూలెంటు తగ్గుచున్నచో, పొగగొట్టము నుండి తెల్లని ఆవిరి వచ్చుచున్నచో, ఆ కారును వెంటనే పరీక్షకు పంపవలెను. వాల్వును విప్పి చూచు అలవాటు ఉన్న షెడ్డులో ఈ ప్రమాదము ముందుగానే బయటపడును. రేకు బిగించి పంపు షెడ్డులో పడదు.

ఇంత పని, ఇంత వివేచన, రోడ్డుప్రక్క మెకానిక్కు నుండి ఆశించుట న్యాయమా అని ఎవరైనను అడుగవచ్చును. ఇబ్రహీంపట్నమునందు కూర్చుండి ఆ ప్రశ్న అడుగుట నాకు వింతగా తోచును. షేరిగూడ, మంగళ్‌పల్లి, ఖానాపూరు గ్రామముల చుట్టు ఇంజనీరింగు కళాశాలలు కిక్కిరిసి ఉన్నవి. ఉదయమున వాటి బస్సులు వరుసలుగా సాగర్ రోడ్డెక్కును. ఆ బస్సులును డీజిలువే. ఈ ప్రక్కనే ఆదిభట్లలో టాటా బోయింగ్ కర్మాగారము అపాచీ యుద్ధ హెలికాప్టరు దేహభాగములను సూక్ష్మప్రమాణములతో తయారుచేయుచున్నది. ఇట్టి విద్యాపారిశ్రామిక క్షేత్రమున, కారు వాల్వును పరీక్షించు విద్య ఒక మెకానిక్కుకు అందకపోవుట అతని దోషము కాదు. కళాశాలల మెకానికల్ విభాగములలో ప్రయోగశాలలు ఉన్నవి, ఆటోమొబైలు పాఠములు చెప్పు అధ్యాపకులు ఉన్నారు, చేతికి గ్రీజు అంటకయే పట్టా పుచ్చుకొను విద్యార్థులు వేలకొలది ఉన్నారు. ఆదివారములందు ఆ ద్వారములను షెడ్లవారికి తెరచి, స్కానరులోని ప్రత్యక్ష గణాంకములను చదువుట వారికి నేర్పి, బిగిసిన బోల్టును విరుగకుండ తీయుట వారివద్ద విద్యార్థులు నేర్చినచో, ఉభయులకును మేలు. దీనికి కొత్త చట్టము అక్కరలేదు, పెద్ద నిధులు అక్కరలేదు. ఒక ప్రిన్సిపాలు పూనుకొన్న చాలును.

ప్రభుత్వము చేయవలసినది వేరే ఉన్నది. చట్టము లేదనుటకు వీలులేదు. మోటారు వాహనముల చట్టమునకు 2019లో సవరించిన 182-ఏ సెక్షను ప్రకారము, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు ఖైదు గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. వాయుకాలుష్య ప్రమాణములను ఉల్లంఘించినచో 190వ సెక్షను ప్రకారము జరిమానా 10,000 రూపాయల వరకు ఉన్నది. కాని కనుగొను సాధనము లేని శిక్ష ఎవరిని భయపెట్టును? సాధనము ఇటీవలి కార్లలో ఇప్పటికే ఉన్నదనుట ఇచ్చట గమనింపదగినది. 2010 నుండి ఒక మెట్టుగా, 2013 నుండి పూర్తిగా, మన కార్లలో దోషములను జ్ఞాపకముంచుకొను కంప్యూటరు తప్పనిసరి చేయబడినది. పొల్యూషన్ వ్యానులోని మనిషి పొగగొట్టమున గొట్టము పెట్టుటతోపాటు, స్టీరింగు క్రింది సాకెట్టులో స్కానరు పెట్టి, ఈజీఆర్ సంకేతములు ఉన్నవో లేవో, కంప్యూటరు తన స్వీయపరీక్షలను ముగించినదో లేదో చదివినచో, వాల్వు బ్రతికియున్నదో లేదో తెలియును. కాలిఫోర్నియాలో 2000 సంవత్సరమున, ఆ తరువాత తయారైన పెట్రోలు కార్లకు పరీక్ష ఈ విధముగనే జరుగుచున్నది. సాఫ్ట్‌వేరును మార్చి సంకేతమును దాచినవారిని పట్టుకొనుటకు 2021 నుండి సాఫ్ట్‌వేరును సైతము తనిఖీ చేయుచున్నారు. మన రవాణాశాఖ ఒక్కసారిగా రాష్ట్రమంతట చేయలేకపోయినచో, ముందుగా అద్దె కార్లకును కళాశాలల బస్సులకును ఫిట్‌నెస్ పరీక్ష సమయముననైనను ప్రారంభింపవచ్చును. శిక్షించుటకు ముందు గడువు ఇచ్చి, రేకు తీయించుకొని వచ్చినవానిని నిర్భయముగా పంపివేయుట న్యాయముగా ఉండును. ఏలయన వారిలో అనేకులు సెకండ్‌హ్యాండు కారు కొనినవారు, తమ బండిలో రేకు ఉన్నదనియే ఎరుగనివారు.

చదువరులలో డీజిలు కారు గలవారికి నా విన్నపము ఒక్కటియే. ఈసారి సర్వీసుకు పోయినప్పుడు, ఈజీఆర్ వాల్వు మాట ఎత్తి, అది ఉన్నదా, పనిచేయుచున్నదా, రేకు ఏదైనను బిగించి ఉన్నదా అని మెకానిక్కును అడుగుడు. రేకు ఉన్నచో తీయించి, వాల్వును విప్పించి, మీ కన్నుల యెదుటనే శుభ్రము చేయించుడు. కొత్తది అవసరమన్నచో, ఏ పరీక్షవలన ఆ సంగతి తేలినదో చూపుమనుడు. ఆ శ్రమకు మెకానిక్కు అడిగిన కూలి బేరమాడక ఇండు.